గట్టు మీది కంప్యూటర్: చిన్నపిల్లలకు ఎడ్జ్ కంప్యూటింగ్ చెప్పే పద్ధతి

నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర మా ఊళ్లో అన్నయ్యకు రొయ్యల గుంటలున్నాయి. పోయిన వేసవిలో గట్టు మీద ఒక చిన్న పెట్టె బిగించారు. నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో అది చూస్తూ ఉంటుంది. తగ్గితే ఏరేటర్లను, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే మోటారు చక్రాలను, తనే తిప్పుతుంది. ఎనిమిదేళ్ల మా మేనకోడలు దాని ముందు చాలాసేపు కూర్చుని, "అత్తా, మోటార్ వెయ్యమని దీనికి ఎవరు చెప్తారు?" అని అడిగింది. పదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పని చేసినదాన్ని. అయినా దూరాన్నుంచి ఎవరూ చెప్పరని, ఆ పెట్టే అక్కడికక్కడ తేల్చుకుంటుందని, దాన్నే ఎడ్జ్ కంప్యూటింగ్ అంటారని ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి ఆదివారం బోర్డు మీద మబ్బు బొమ్మ గీసి, దూరాన ఉండి మన పనులు చేసిపెట్టే కంప్యూటర్లను క్లౌడ్ అంటారు, అదే ఇదీ అని మొదలుపెట్టాను. "వానొస్తే ఆ కంప్యూటర్లు తడవవా?" అని ఒక బుడ్డోడు దిగులుగా అడిగాడు. వాడి తప్పేమీ లేదు, నేను గీసిందే వాడు నమ్మాడు. రెండో ఆదివారం నిర్వచనాలు చెప్పాను. పిల్లలు అప్పజెప్పారు, ఇంటికెళ్లి మర్చిపోయారు. మూడో ఆదివారం మాటలు పక్కనబెట్టి పెరట్లో పరిగెత్తించాను. అప్పుడు పట్టుకున్నారు. ఆ తర్వాత మా వీధి పిల్లలతో చాలాసార్లు ఆడించి, తప్పులు దిద్దుకుంటూ తయారుచేసుకున్న పద్ధతి ఇది. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు పనికొస్తుంది. ఒక్కరోజులో ముగించాలని చూడకండి, రెండు మూడు పూటలుగా చేయండి.

ముందు మీకు తేటపడాల్సింది

పిల్లలకు చెప్పేముందు మన బుర్రలో విషయం తేటగా ఉండాలి. ఏదో ఒక పరికరం, అది కెమెరా కావచ్చు, ఫోన్ కావచ్చు, గుంటలో ముంచిన సెన్సర్ కావచ్చు, ఒక సంగతి కనిపెడుతుంది. ఆ సంగతి మీద ఏం చేయాలో ఎవరో ఒకరు తేల్చాలి. దాన్ని దూరంగా ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్ల దగ్గరికి పంపి జవాబు తెప్పించుకుంటే క్లౌడ్ కంప్యూటింగ్. సంగతి పుట్టిన చోటే, లేదా దానికి బాగా దగ్గరలోనే తేల్చేస్తే ఎడ్జ్ కంప్యూటింగ్. తేడా అంతా నిర్ణయం ఎక్కడ జరుగుతుందన్న దాంట్లోనే ఉంది. పిల్లలకు మనం అందించాల్సిందీ ఈ ఒక్కటే. వైర్లు, చిప్పులు, భాషలు తర్వాత ఎప్పుడైనా నేర్చుకుంటారు.

దగ్గరలో ఎందుకు తేల్చాలి? జవాబు త్వరగా రావాలి. దారి ఇరుకు, అన్నిటినీ మోసుకుపోలేదు. నెట్ పోయినా పని ఆగకూడదు. ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలి. ఈ నాలుగు కారణాలూ పిల్లలకు ఇంట్లోనో వీధిలోనో తెలిసినవే. మనం గుర్తు చేస్తే చాలు.

కొంచెం చరిత్ర, మీకోసం. అమెజాన్ తన కంప్యూటర్లను అద్దెకివ్వడం 2006లో మొదలుపెట్టాక క్లౌడ్ ఊపందుకుంది. పనులన్నీ దూరం పోతుంటే జవాబు ఆలస్యమవుతుందని చెప్పి, చిన్న క్లౌడ్‌ను మనిషికి దగ్గరగా పెట్టాలని 2009లో ప్రతిపాదించిన వారిలో మహాదేవ్ సత్యనారాయణన్ ముఖ్యులు. మద్రాసు ఐఐటీలో చదివి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. దానికి ఆయన బృందం పెట్టిన పేరు క్లౌడ్‌లెట్, అంటే పిల్ల మబ్బు. 2012లో సిస్కో పరిశోధకులు ఇలాంటిదానికే ఫాగ్ కంప్యూటింగ్ అన్నారు. నేలకు దిగిన మబ్బే కదా పొగమంచు! నాకు ఆ పేరు చాలా ఇష్టం. సంక్రాంతి ముందు తెల్లారుజామున మంచు చూసిన పిల్లలకు ఆ మాట ఒక్కటి చెప్తే చాలు.

మొదటి మెట్టు: వేడి పెనం

కంప్యూటర్ అన్న మాటే ఎత్తకండి. "ఎప్పుడైనా వేడి పెనానికి వేలు తగిలిందా?" అని అడగండి. తగలని పిల్ల ఉండదు, ప్రతి ఒక్కరికీ ఒక కథ ఉంటుంది. రెండు మూడు కథలు విన్నాక, "చెయ్యి ముందు వెనక్కొచ్చిందా, మంట ముందు తెలిసిందా?" అని అడగండి. కాసేపు ఆలోచిస్తారు. చెయ్యే ముందు.

అప్పుడు చెప్పండి: వేలి నుంచి కబురు వెన్నుపాముకు చేరగానే అక్కడినుంచే "లాగెయ్" అని ఆజ్ఞ వస్తుంది. మెదడుకు సంగతి ఒక్క పిసరు తర్వాత తెలుస్తుంది. మెదడు ఊరికే కూర్చోదు. "ఇంకోసారి పెనం దగ్గర జాగ్రత్త" అని గుర్తుపెట్టుకునేది అదే. తొందర పని దగ్గరలో, ఆలోచించే పని పైన. ఇక్కడితో ఆపేయండి. ఇదే కంప్యూటర్లలోనూ ఉంటుందని చెప్పడానికి నోరు ఊరుతుంది, ఇప్పుడే చెప్పకండి.

రెండో మెట్టు: గుంట ఆట

అసలు పాఠం ఇదే. దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి.

ఆట మొదలయ్యేముందు పిల్లలకు గుంట గురించి చెప్పాలి, లేకపోతే పరిగెత్తడమే మిగులుతుంది. నీళ్లలో కంటికి కనపడని పచ్చటి నాచు లాంటిది ఉంటుంది. పగలు ఎండకు అది ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి ఎండ లేదు కాబట్టి వదలదు, పైగా రొయ్యలతో పాటు అది కూడా పీల్చుకుంటుంది. అందుకని చీకటి పడ్డప్పటి నుంచి ప్రాణవాయువు తగ్గుతూ పోయి, తెల్లారే ముందు అన్నిటికంటే తక్కువవుతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా రైతులు చూసుకుంటారు. తగ్గితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. అందరూ నిద్రపోయే వేళకే గుంటకు కష్టమొస్తుందన్న మాట పిల్లల్ని పట్టేస్తుంది. ఈ భయం వాళ్ల మనసులో పడితేనే ఆటకు అర్థం.

కావలసినవి: రెండు పలకలు, సుద్దముక్కలు, చీటీలు, ఒక తాడు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, అరవై అడుగుల పొడవైన ఖాళీ స్థలం. మార్కాపురం రాతి పలకలు దొరికితే అవే వాడండి. రాసి, చెరిపి, మళ్లీ రాయడం కనబడుతుంది, పైగా గట్టు మీది పెట్టె చేసేదీ దాదాపు అదే పని. పదమూడు చీటీలు తీసుకుని సాయంత్రం 6 నుంచి తెల్లారి 6 దాకా గంటకొకటి చొప్పున రాయండి: 7, 7, 6, 6, 6, 5, 5, 5, 4, 3, 3, 3, 4. ఇవి ఆట అంకెలే. రాత్రి గడిచేకొద్దీ తగ్గి, తెల్లారాక పెరగడం మాత్రం గుంటలో జరిగేదే.

పాత్రలు ఇలా పంచండి. ఒకరు గుంట: వరసగా చీటీలు తీసి చదవాలి. ఒకరు కబురు మోసేవాళ్లు. అరవై అడుగుల దూరంలో వేపచెట్టు కింద ఒకరు పెద్ద కంప్యూటర్. ఒకరు ఏరేటర్: ఆజ్ఞ రాగానే రెండు చేతులూ చక్రాల్లా తిప్పాలి. మిగిలినవాళ్లంతా రొయ్యలు, నేల మీద కూర్చుంటారు. ఏరేటర్ వేషానికి పోట్లాడతారు, వంతులు పెట్టండి. 3 అన్న చీటీ వచ్చినప్పుడు రొయ్యలు గట్టిగా పదిదాకా లెక్కపెడుతూ మెల్లగా పైకి లేవాలి. పది అయ్యేలోపు ఏరేటర్ తిరిగితే బతికినట్టు, లేదంటే పడిపోవాలి. ఒక జాగ్రత్త: కొందరు పిల్లలు తమంతట తాము ఊపిరి బిగబట్టేస్తారు. వద్దని ముందే చెప్పండి, లెక్క గట్టిగా పెట్టించేది అందుకే.

మొదటి విడత. ప్రతి చీటీనీ కబురు మోసేవాళ్లు వేపచెట్టు దాకా పట్టుకెళ్లాలి. పెద్ద కంప్యూటర్ చదివి, 4 కంటే తక్కువైతే "తిప్పు", కాకపోతే "వద్దు" అని పలక మీద రాసి ఇవ్వాలి. ఆ పలకతో వెనక్కి పరిగెత్తాలి. నాలుగైదు చీటీలకొకసారి మోసేవాళ్లను మార్చండి, పాపం ఆయాసమొస్తుంది. సాయంత్రం చీటీలప్పుడు ఏమీ అనిపించదు. మూడు గంటల చీటీ వచ్చేసరికి కబురు ఇంకా దారిలో ఉండగానే రొయ్యలు పదికి చేరుకుంటాయి. మీ ఊరి పరుగుల పిల్లోడు పదిలోపు వచ్చేస్తే ఏం పరవాలేదు, వేపచెట్టును ఇంకో ఇరవై అడుగులు జరపండి. రొయ్యలు పడిపోయాక ఆట ఆపి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "మోసిన వాడు నెమ్మదా? పెద్ద కంప్యూటర్‌కు లెక్క రాదా? ఎందుకు చచ్చిపోయాయి?" ఎవరి తప్పూ లేదని, తప్పు దూరానిదని వాళ్లే చెప్పాలి. మీరు చెప్పకండి, ఎంతసేపైనా ఆగండి. మా వీధిలో ఒక ఆరేళ్ల పిల్ల "ఆ చెట్టు ఈడే ఉంటే?" అంది. పాఠం అక్కడ మొదలైంది.

రెండో విడత. గుంట పక్కనే ఒక పిల్లనో పిల్లాణ్నో కూర్చోబెట్టి పలక ఇవ్వండి. పలక మీద ఒకే మాట: "4 కంటే తక్కువైతే తిప్పు." చీటీ తీయగానే చూసి, ఏరేటర్‌కు చెప్పడమే. రొయ్యలు మూడు లెక్కపెట్టకముందే చక్రాలు తిరుగుతాయి. వేపచెట్టు కింద ఉన్న పిల్ల "నాకు పనేది?" అని అరుస్తుంది. అరవనివ్వండి, ఆ ప్రశ్న మనకు కావాలి.

మూడో విడత. దారికి అడ్డంగా తాడు కట్టండి: నెట్ పోయింది. మొదట చెట్టు కింది కంప్యూటర్‌తోనే ఆడించండి, తర్వాత గట్టు మీది పిల్లతో. గాలివాన రాత్రుల్లో సెల్ సిగ్నల్ పోవడం తీరంలో ఉండేవాళ్లకు కొత్తేమీ కాదు కాబట్టి ఈ విడతకు వివరణ అక్కర్లేదు.

నాలుగో విడతను చాలామంది వదిలేస్తారని నా అనుమానం, దయచేసి వదలకండి. ఇది లేకపోతే పిల్లలు "పెద్ద కంప్యూటర్ దండగ" అనుకుని ఇంటికి పోతారు. మూడు జట్లు చేయండి, మూడు గుంటలు, మూడు చీటీల కట్టలు, అంకెలు అటూ ఇటూ మార్చి. ప్రతి గట్టు మీదా ఒక పలక. రాత్రంతా అయ్యాక ఒక్కో గట్టు నుంచి ఒకే ఒక్క చీటీ చెట్టు దగ్గరికి వెళ్లాలి: ఏ ఏ గంటల్లో తగ్గిందో. చెట్టు కింది పిల్ల మూడు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది. అన్ని గుంటల్లోనూ మూడు గంటల తర్వాతే తగ్గిందని కనిపెడుతుంది. కొత్త నియమం రాసి మూడు గట్లకూ పంపుతుంది: "తగ్గేదాకా ఆగొద్దు, రెండింటికే తిప్పు." గట్టు మీది పిల్లలు పాత నియమం చెరిపి కొత్తది రాసుకుంటారు. తన గుంట ఒక్కటే చూసే పిల్లకు అన్ని గుంటల సంగతి తెలియదు. అన్నీ చూసే పిల్ల దూరంగా ఉంది. ఇద్దరూ కావాలి. నిజం పరికరాల్లోనూ ఇలాగే జరుగుతుంది: చాలాచోట్ల నుంచి వచ్చిన సమాచారంతో నియమాన్ని పెద్ద కంప్యూటర్లు తయారుచేస్తాయి, దాన్ని అమలు చేసేది దగ్గరున్న చిన్న కంప్యూటర్.

కనిగిరి, పొదిలి వైపు పిల్లలకు రొయ్యల గుంట చూసిన గుర్తు ఉండకపోవచ్చు. వాళ్లతో బోరు మోటార్ ఆట ఆడించండి. బోరులో నీళ్లు అయిపోయాక మోటార్ తిరుగుతూనే ఉంటే కాలిపోతుంది. నీళ్లు రావడం లేదని దూరానికి కబురు పంపి ఆజ్ఞ కోసం ఆగాలా, పక్కనున్న పెట్టే ఆపేయాలా? చీటీల మీద అంకెలు మారతాయి, ఆట అదే.

మూడో మెట్టు: పేరు పెట్టడం

ఇప్పుడు పేర్లు చెప్పవచ్చు. ఇంగ్లిష్‌లో ఎడ్జ్ అంటే అంచు. మా పిల్లలకు నేను గట్టు అని చెప్తాను. గుంటకు అంచు గట్టే కదా. "గట్టు మీద కూర్చుని పలక పట్టుకున్న పిల్లే ఎడ్జ్ కంప్యూటర్" అనగానే ఆ పిల్ల మొహం వెలిగిపోతుంది.

క్లౌడ్ అన్న మాటతో మాత్రం జాగ్రత్త. అది ఆకాశంలో లేదని మొదటే తేల్చి చెప్పండి. పెద్ద పెద్ద భవనాల్లో వరసలు వరసలుగా కంప్యూటర్లుంటాయి, వేడెక్కకుండా చల్లటి గాలి తోలుతుంటారు, కరెంటు పోతే జనరేటర్లు. అలాంటి భవనాల కూటమిని అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో తెరిచింది. అంటే మన గుంట కబురు హైదరాబాద్ దాకా పోయి రావాల్సి రావచ్చు. నెల్లూరు నుంచి రోడ్డు మీద సుమారు 450 కిలోమీటర్లు.

పెద్ద పిల్లలు ఇక్కడ పట్టుకుంటారు: "కాంతి అంత వేగంగా పోతుంది కదా, ఆలస్యమెందుకు?" మంచి ప్రశ్న, తప్పించుకోకండి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 450 కిలోమీటర్లకు సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో పడతాయి, అంతే. మరి ఆలస్యం ఎక్కడ? దారిలో ఆగే చోట్ల. హైవే మీద బస్సు ఎంత వేగంగా పోయినా వెంకటాచలం టోల్‌గేట్ దగ్గర, టంగుటూరు టోల్‌గేట్ దగ్గర వరసలో ఆగాల్సిందే. కబురు కూడా సెల్ టవర్ దగ్గర, మలుపు మలుపునా ఉన్న పరికరాల దగ్గర, చివరికి పెద్ద కంప్యూటర్ గుమ్మం ముందు వరసలో నిలబడుతుంది. అన్నీ కలిసి సెకనులో పదో వంతు పట్టిందనుకోండి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆలోపు 2 మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుగా గేదె అడ్డం వస్తే ఆ 2 మీటర్లే ప్రాణం. బ్రేకు వేయాలా వద్దా అన్నది కారులోని కంప్యూటరే తేల్చుకునేది ఇందుకే. అడుగులు కొలిచి నేల మీద 2 మీటర్ల గీత గీసి చూపించండి.

నాలుగో మెట్టు: ఇరుకు దారి

దీనికి మా నెల్లూరు పిల్లలకు రొట్టెల పండుగను మించిన ఉదాహరణ లేదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా దగ్గర జనం కిటకిటలాడతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె అంటూ చెరువు నీళ్లలో దిగి ఇచ్చిపుచ్చుకుంటారు. అంత జనంలో ఫోన్ కలపడానికి ప్రయత్నించి చూసిన పెద్దవాళ్లకు తెలుసు: టవర్ ఒకటే, ఫోన్లు వేలు.

పిల్లల్ని అడగండి: "చెరువు చుట్టూ పది కెమెరాలున్నాయి. ఎంతమంది ఉన్నారో పోలీసు మామయ్యకు తెలియాలి. వీడియో అంతా పంపాలా?" ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల లెక్కన వీడియో పంపితే గంటకు 1.8 జీబీ అవుతుంది. పది కెమెరాలకు రోజుకు 432 జీబీ. అదే కెమెరా పక్కనున్న చిన్న కంప్యూటర్ తలలు లెక్కపెట్టి "ఈ మెట్ల దగ్గర 600 మంది" అని ఒక్క అంకె పంపితే? అంకెలు చిన్నపిల్లలకు చెప్పక్కర్లేదు. ఒకరి చేతికి పదిహేను పుస్తకాలిచ్చి పరిగెత్తమనండి, తర్వాత ఒక్క చీటీ ఇచ్చి పరిగెత్తమనండి.

ఐదో మెట్టు: చందమామ దాకా

మా వైపు పిల్లలకు రాకెట్ అంటే పుస్తకంలో బొమ్మ కాదు, మేడెక్కి చూసేది. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఆకాశంలో ఆ నిప్పు గీత మాకింకా కనబడుతుంది. చంద్రయాన్-3 అక్కడినుంచే 2023 జులై 14న లేచి, ఆగస్టు 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రుడి మీద దిగింది.

చంద్రుడు సుమారు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరం. కబురు పోవడానికి దాదాపు 1.3 సెకన్లు, జవాబు తిరిగి రావడానికి ఇంకో 1.3. దిగేటప్పుడు ల్యాండర్ కింద గుంత ఉందో బండ ఉందో చూసి, భూమికి ఫొటో పంపి, "పక్కకు జరగనా?" అని అడిగి ఆగే వ్యవధి లేదు. అందుకే దిగడం మొదలయ్యాక ఆ ల్యాండర్ విక్రమ్ తన కెమెరాలతో తనే చూసుకుని, తన కంప్యూటర్‌తో తనే తేల్చుకుని దిగింది. బెంగళూరులో శాస్త్రవేత్తలు చప్పట్లు కొట్టే ముందు ఊపిరి బిగబట్టి చూడటం తప్ప చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఎడ్జ్ కంప్యూటింగ్‌కు ఇంతకంటే దూరపు గట్టు నేను పిల్లలకు చూపలేను.

దీన్ని కూడా ఆడించండి. ఇసుకలోనో గడ్డిలోనో నాలుగైదు దిండ్లు పరచండి. ఒక పిల్ల కళ్లకు గంతలు కట్టండి. ఇంకొకరు దారి చెప్పాలి, కానీ చూసిన వెంటనే చెప్పకూడదు, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకున్నాకే నోరు విప్పాలి. నడిచే పిల్ల ఆగకూడదు. "కుడికి" అనే మాట వచ్చేసరికి దిండు తగిలి ఉంటుంది. గంతలు విప్పేసి మళ్లీ నడిపించండి. తేడా ఏమిటో వాళ్ల కాళ్లే చెప్తాయి. రాళ్లు, మెట్లు ఉన్నచోట ఈ ఆట వద్దు.

ఆరో మెట్టు: ఫ్లైట్ మోడ్ పరీక్ష

ఇప్పుడు మీ ఫోన్ ఇవ్వండి. ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి, ఏవి పని చేస్తాయో, ఏవి చేయవో పిల్లల్నే పలక మీద రెండు వరసలుగా రాయమనండి. మీ మొహం చూపిస్తే తాళం తెరుచుకుంటుంది. ఫొటో తీస్తే వెనకున్నదంతా మసకబారుతుంది. దించి పెట్టుకున్న మ్యాప్ కనబడుతుంది. కొత్త వీడియో రాదు, డబ్బులు పంపడం కుదరదు. మొహం గుర్తుపట్టే పని ఫోన్‌లోనే జరుగుతోందని అప్పుడు నమ్ముతారు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట. కాలిక్యులేటర్ కూడా ఎడ్జేనా అని అడుగుతారు. నా ఉద్దేశంలో అది మాటను సాగదీయడమే. దూరంగా చేయగలిగిన పనిని, కావాలని దగ్గరికి తెచ్చి చేస్తేనే ఆ పేరు నప్పుతుంది. కూడికకు ఎప్పుడూ దూరం పోలేదు కదా.

మొహం తాళం దగ్గరే గుట్టు గురించి చెప్పడం తేలిక. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని అవ్వ చెప్పే ఉంటుంది. మన మొహం గుర్తులు ఫోన్ దాటి పోకపోతే దారిలో ఎవరూ దొంగిలించలేరు. ఇంట్లో కెమెరా ఉన్నవాళ్లు, దాని వీడియో ఇంట్లోనే ఉంటోందా, బయటికి పోతోందా అని ఆ పూటే చూసుకోండి. పిల్లలు తప్పకుండా అడుగుతారు.

ఏడో మెట్టు: గట్టా, చెట్టా?

ఇది చివరి ఆట, కూర్చుని ఆడేది. చీటీల మీద ఒక్కో సంగతి రాసి, గట్టు మీద తేల్చాలా, చెట్టు కింద తేల్చాలా అని విడదీయమనండి. "గుంటలో ప్రాణవాయువు తగ్గింది" గట్టు. "రాత్రి గట్టు మీదికి కుక్కలొచ్చాయి" గట్టు. "ఈ వారం తుఫాను వస్తుందా?" చెట్టు, సందేహం లేదు. ఉపగ్రహాల ఫొటోలు, సముద్రంలోని తెప్పల మీద పెట్టిన పరికరాల కబుర్లు, ఎన్నో చోట్ల గాలి లెక్కలు అన్నీ ఒకచోట కలిపితే గానీ తేలదు. "నాలుగేళ్లలో ఏ నెలలో మేత దండగైంది?" చెట్టు. "రొయ్య మీద తెల్ల మచ్చలున్నాయి, జబ్బేనా?" దీని మీద పోట్లాడుకోనివ్వండి. ఫొటో చూసి అనుమానం గట్టు మీదే చెప్పవచ్చు, ఖాయం చేయాలంటే ల్యాబ్‌కు పోవాలి. ఊళ్లో జ్వరమొస్తే ఆశా అక్క చూస్తుంది, తగ్గకపోతే నెల్లూరు పెద్దాసుపత్రికి పంపుతుంది కదా, అలాగే.

జవాబు తప్పయితే దిద్దకండి, "ఎందుకు?" అని అడగండి. కారణం సరిగ్గా చెప్తే తప్పు జవాబైనా నేను ఒప్పుకుంటాను.

గట్టు మీది పెట్టెకు ఉండే కష్టాలు కూడా ఈ పూటే చెప్పండి. లేకపోతే అది మాయపెట్టె అనుకుంటారు. మా తీరంలో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, పెట్టె లోపలి తీగలూ అంతే. ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. గుంటకొక పెట్టె ఉంటే అన్నిటినీ బాగుచేసే మనిషి కావాలి. భవనంలో పదివేల కంప్యూటర్లు ఒకేచోట ఉంటే చూసుకోవడం తేలిక, పదివేల గట్ల మీద ఒక్కొక్కటి ఉంటే కష్టం. గట్టు మీద కరెంటు పోతే పెట్టె, ఏరేటర్లు రెండూ ఆగుతాయి, అందుకే మా అన్నయ్య జనరేటర్ మానలేదు. రాత్రి మనిషి కాపలా కూడా మానలేదు.

ఆరేళ్ల లోపు పిల్లలుంటే పెనం కథ, గుంట ఆటలో మొదటి రెండు విడతలు చాలు. పది దాటినవాళ్లకు వీడియోలు దగ్గర ఊళ్లలో దాచిపెట్టే పద్ధతి కూడా చెప్పండి. సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలేదాకా ఆగకుండా ఊరి చెరువు ముందే నింపుకున్నట్టు, అందరూ చూసే వీడియోల నకళ్లను దగ్గరి కంప్యూటర్లలో ముందే పెట్టుకుంటారు. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్లు 1998లో పెట్టిన అకామై కంపెనీ ఈ పనితోనే మొదలైంది.

పిల్లలకు అర్థమైందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పెట్టకండి. ఇంటికెళ్లి అవ్వకో తాతకో చెప్పి రమ్మనండి, మర్నాడు ఆ పెద్దల్ని అడగండి. మా మేనకోడలు వాళ్ల అవ్వకు చెప్పింది: "పొయ్యి మీద పాలు పొంగుతుంటే నువ్వు నాయనకు ఫోన్ చేసి అడుగుతావా?" నేను నేర్పిన ఉదాహరణ కాదది.

వీలైతే ఆఖరి రోజు నిజం గుంట దగ్గరికి తీసుకెళ్లండి. సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరితే వెలుతురు ఉండగానే పెట్టె చూడవచ్చు, రైతు తిప్పి చూపిస్తే ఏరేటర్లు తిరగడమూ చూడవచ్చు. గుంట రైతును ముందే అడగండి, మేత వేసే వేళ కాకుండా చూసుకోండి. గట్టు మీద పిల్లల్ని ఒకరి వెనక ఒకరు నడిపించండి, తడి గట్టు జారుతుంది. మోటార్ల కరెంటు వైర్లు నేల మీదే పోతుంటాయి కాబట్టి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు ముందు, ఒకరు వెనక. పెట్టె మూత తెరవడం రైతు చేతే చేయించండి.